సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో విండోస్ "గడువు ముగుస్తుంది" అంటోంది. ఫార్మాట్ కొట్టే ముందు ఏం చూసుకోవాలి?

మాచవరం_డౌన్
అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ ఏడు బీటెక్‌లో చేరాడు. కొత్త ల్యాప్‌టాప్ కొనే పరిస్థితి లేక గవర్నర్‌పేటలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ డెల్ లాటిట్యూడ్ 7490 తీసుకున్నాం. ఐ5 ఎనిమిదో జనరేషన్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. 17,500 అయింది. కొనేటప్పుడు సెట్టింగ్స్ తెరిచి విండోస్ 11 ప్రో యాక్టివేట్ అయి ఉన్నట్టు చూపించారు. "ఒరిజినల్ విండోసేనమ్మా" అన్నారు. ఇప్పుడేమో "మీ విండోస్ లైసెన్స్ గడువు త్వరలో ముగుస్తుంది" అని మెసేజ్ వస్తోంది. షాపుకి ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నారు, మళ్లీ యాక్టివేట్ చేయడానికి 500 అట. ఒరిజినల్ అయితే దానికి గడువేంటి? నేనే శుభ్రంగా ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కిద్దామనుకుంటున్నా. పెన్‌డ్రైవ్ ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కృష్ణలంక_కుర్రోడు
అక్కా, దీనికి ఫార్మాట్ దాకా ఎందుకు? యాక్టివేటర్ అని చిన్న ఫైల్ నెట్‌లో దొరుకుతుంది. డిఫెండర్ (విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్) ఆపేసి రన్ చేస్తే రెండు నిమిషాల పని. మా హాస్టల్లో అందరివీ అలాగే నడుస్తున్నాయి.

చిప్‌వైద్యం
తమ్ముడూ, ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకు. డిఫెండర్ ఆపమని అడిగే ఫైల్‌కి అడ్మిన్ హక్కులిచ్చి రన్ చేయడమంటే ఇంటి తాళంచెవి ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టడమే. బ్రాడీపేటలో నాది సర్వీస్ షాపు. ఫైళ్లన్నీ లాక్ అయిపోయి, డబ్బు కట్టమని నోట్ కనబడే మెషిన్లు నా బల్ల మీదకు వస్తూనే ఉంటాయి. ఏం ఇన్‌స్టాల్ చేశారని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఇదే, ఏదో ఒక క్రాక్, అంటే దొంగ లైసెన్స్ పెట్టే ప్రోగ్రామ్. ప్రాజెక్ట్ రిపోర్టులు, చిన్నప్పటి ఫొటోలు అన్నీ పోయి ఏడ్చినవాళ్లను చూశాను.

మాచవరం గారూ, ఇప్పుడే ఫార్మాట్ కొట్టకండి. ముందు ఆ లైసెన్స్ ఎక్కడ ఉందో చూడాలి. అది మదర్‌బోర్డులో ఉండొచ్చు, ఎవరిదో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముడిపడి ఉండొచ్చు, లేదా షాపువాళ్లు పైపైన అతికించింది కావచ్చు. డిస్క్ తుడిచేస్తే మొదటిది ఎక్కడికీ పోదు, మూడోది మాత్రం మిగలదు. మీది మూడోదనే నా అనుమానం.

స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్ఐ అని ఎంటర్ నొక్కండి. చిన్న కిటికీ వస్తుంది. అందులో "ఛానల్" అన్న మాట ఎదురుగా ఏముందో ఇక్కడ పెట్టండి. తర్వాత అలాగే స్లాష్ ఎక్స్‌పీఆర్ కొట్టండి. పక్కాగా యాక్టివేట్ అయితే "పర్మనెంట్" అని వస్తుంది, లేకపోతే ఒక తేదీ కనిపిస్తుంది.

ఇంకోటి, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో షోకీప్లస్ అని చిన్న యాప్ ఉంటుంది. అది ఇన్‌స్టాల్ అయి ఉన్న కీని, బయోస్‌లో (మెషిన్ ఆన్ కాగానే మొదట నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) కంపెనీ పెట్టి పంపిన కీని విడివిడిగా చూపిస్తుంది. రెండోది ఉందా లేదా, ఏ ఎడిషన్ (హోమా, ప్రోనా) అన్నదే మనకు కావాలి. కీ మాత్రం ఇక్కడ పెట్టకండి, ఫొటోలో కూడా చెరిపేయండి.

పెంగ్విన్_గుంటూరు
ఇప్పుడున్న విండోస్ మీద నమ్మకం లేకపోతే ఇంకో దారి ఉంది. లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) లైవ్ పెన్‌డ్రైవ్‌తో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేదానితో బూట్ చేసి, ఫర్మ్‌వేర్ ఏసీపీఐ టేబుళ్లలో (బోర్డు తన వివరాలు ఉంచే పట్టికలు) ఎంఎస్‌డీఎం అన్న ఫైల్ ఉందేమో చూడండి. విండోస్ 8 కాలం నుంచి కంపెనీలు కీని పెట్టేది అక్కడే. ఫైల్ చివర్లో గీతలతో కలిపి 29 అక్షరాలు కనిపిస్తాయి. ఫైలే లేకపోతే బోర్డులో కీ లేదని తేలిపోయినట్టే. డిస్క్‌ని ముట్టుకోకుండా అయిపోతుంది.

మాచవరం_డౌన్
చిప్‌వైద్యం గారూ, చూశాను. ఛానల్ ఎదురుగా "వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్" అని ఉంది. స్లాష్ ఎక్స్‌పీఆర్ కొడితే వచ్చే వారంలో ఒక తేదీ చూపించింది. షోకీప్లస్‌లో ఓఈఎం కీ అని ఇంకో కీ కనిపించింది, పక్కన విండోస్ 10 ప్రొఫెషనల్ అని ఉంది. అంటే మంచిదా చెడ్డదా?

చిప్‌వైద్యం
చాలా మంచిదమ్మా. ఓఈఎం కీ అంటే తయారీ కంపెనీ పెట్టినది, కాబట్టి మీ మెషిన్‌లో అసలు లైసెన్స్ మొదటి నుంచీ ఉంది. దాన్ని వదిలేసి షాపువాళ్లు పైన వేరేది ఎక్కించారు.

కేఎంఎస్ అంటే పెద్ద ఆఫీసులకీ కాలేజీలకీ పెట్టిన పద్ధతి. వందల మెషిన్లకు ఒక్కొక్క కీ కొట్టకుండా ఆఫీసు లోపలే ఒక సర్వర్ ఉంటుంది, మెషిన్లు దాన్ని అడిగి యాక్టివేట్ అవుతాయి. ఆ యాక్టివేషన్ 180 రోజులే. ఈలోగా మెషిన్ వారానికోసారి సర్వర్‌ని పలకరించి గడువు పొడిగించుకుంటూ ఉంటుంది. క్రాక్ చేసేవాళ్లు ఆ సర్వర్ వేషం వేసే ప్రోగ్రామ్‌ని మెషిన్‌లోనే పెడతారు, లేదా నెట్‌లో ఎక్కడో ఉన్న ఊరూ పేరూ లేని సర్వర్‌కి తగిలిస్తారు. డిఫెండర్ దాన్ని పట్టుకుని తీసేసినా, ఆ సర్వర్ మూతపడినా పొడిగింపు ఆగిపోతుంది. మీకు మెసేజ్ వచ్చింది అందుకే. షాపువాళ్లు 500 తీసుకుని చేసేది మళ్లీ అదే పని, ఇంకో ఆరు నెలలకు మళ్లీ వెళ్లాలి.

బోర్డులో ఉన్నది విండోస్ 10 ప్రో కీ అయినా విండోస్ 11 ప్రోకి పనికొస్తుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సెటప్ ఆ కీని తనంతట తానే చదువుకుని, ఏ ఎడిషన్ కావాలని కూడా అడగకుండా ప్రో ఎక్కిస్తుంది. నెట్ తగలగానే యాక్టివేట్ అయిపోతుంది. పైసా ఖర్చు లేదు.

అరండల్‌పేట_అమ్మ
ఒక సందేహం. మా అబ్బాయి ల్యాప్‌టాప్ బోర్డులో హోమ్ కీ ఉందట, షాపువాళ్లు ప్రో వేసి ఇచ్చారు. శుభ్రంగా మళ్లీ వేస్తే ప్రో పోతుందా?

చిప్‌వైద్యం
పోతుందండీ, హోమ్ వస్తుంది. దాని గురించి బెంగ పడకండి. రిమోట్ డెస్క్‌టాప్ హోస్ట్, గ్రూప్ పాలసీ లాంటివి కావలసినవాళ్లకే ప్రో. చదువుకునే పిల్లాడికి హోమ్‌కీ ప్రోకీ రోజువారీ తేడా తెలియదు. క్రాక్‌తో నడిచే ప్రో కంటే సొంత కీతో నడిచే హోమ్ వెయ్యి రెట్లు నయం.

బందరు_కాల్వ
మాచవరం గారూ, ఫార్మాట్ చేసి నెట్ తగిలించాక ఒక స్క్రీన్ వస్తుందేమో జాగ్రత్తగా చూడండి. మా బావమరిది గుంటూరులో ఒక చోట కొన్నాడు. విండోస్ మళ్లీ వేసి వైఫై కలపగానే ఏదో కంపెనీ పేరుతో "స్వాగతం, మీ ఆఫీసు ఈమెయిల్ ఇవ్వండి" అని వచ్చి ఆగిపోయింది. కంపెనీలు తమ మెషిన్ల సీరియల్ వివరాలను ఆటోపైలట్‌లో (ఆఫీసు మెషిన్లను కంపెనీ అదుపులో ఉంచే మైక్రోసాఫ్ట్ సేవ) నమోదు చేసుకుంటాయి. అమ్మేసేటప్పుడు అది తీయడం మర్చిపోతే, లేదా ఆ మెషిన్ అసలు దొంగిలించినదైతే, డిస్క్ మార్చినా ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా మళ్లీ అదే స్క్రీన్. తీయగలిగింది ఆ కంపెనీ ఐటీ వాళ్లు మాత్రమే. నెట్ లేకుండా సెటప్ చేసి అమ్మితే కొనేవాడికి అప్పటికి తెలియదు.

కొనబోయేవాళ్లు డబ్బులిచ్చే ముందు షాపులోనే రీసెట్ కొట్టించండి. సెటప్‌లో మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి, మామూలు స్క్రీన్ వచ్చాకే జేబులో చెయ్యి పెట్టండి. అరగంటో గంటో పడుతుంది, కూర్చోండి. బయోస్‌లోకి కూడా వెళ్లి చూడండి. డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషిన్ వద్దు.

సింగ్‌నగర్_వాసి
సాఫ్ట్‌వేర్ మాటల మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, బెజవాడలో సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇది చెప్పి తీరాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు మా మీద పడ్డప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లలో కంప్యూటర్లు రోజుల తరబడి బురదనీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీశాక చాలామంది వచ్చిన ధరకి ఇచ్చేశారు. ఎండబెట్టి తుడిస్తే కొన్ని ఆన్ అవుతాయి. అలాంటి మెషిన్‌లో విండోస్ సగంలో ఆగిపోతుంటే పెన్‌డ్రైవ్ తప్పో ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్) తప్పో అనుకుని తిప్పలు పడతారు.

కింది మూత విప్పించి చూడండి. స్క్రూల తలల మీద తుప్పు, ర్యామ్ స్లాట్ అంచుల్లో పచ్చటి పూత, ఫ్యాన్ పక్కన రాగి రేకుల మధ్య ఎండిన సన్నటి మట్టి కనిపిస్తాయి. పైన ఎంత పాలిష్ పెట్టినా ఆ రేకుల సందుల్లో మట్టి పోదు. షాపువాడు మూత విప్పడానికి ఒప్పుకోకపోతే ఇంకో షాపు చూసుకోండి.

చిప్‌వైద్యం
సింగ్‌నగర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. ఆ మట్టి నేనూ చూశాను. దానికి తోడు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి డిస్క్ ఆరోగ్యం చూడండి. పసుపు రంగులో "హెచ్చరిక" వస్తే దాని మీద విండోస్ ఎక్కించడం దండగ, ముందు డిస్క్ మార్చాలి.

మాచవరం_డౌన్
మూత విప్పి చూశాం, శుభ్రంగా ఉంది. డిస్క్ 94 శాతం అని చూపించింది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే మీడియా క్రియేషన్ టూల్ దించి 16 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేశాను. ఎఫ్12 నొక్కి బూట్ చేశాను, సెటప్ వచ్చింది. కానీ విండోస్ ఎక్కడ వేయాలని అడిగే చోట డిస్కే కనిపించడం లేదు, ఖాళీగా ఉంది. డిస్క్ పోయిందా? ఇప్పటిదాకా బాగానే నడిచింది కదా.

చిప్‌వైద్యం
డిస్క్‌కి ఏమీ కాలేదు, కంగారు పడకండి. సెటప్ ఆపేసి ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లండి. సిస్టమ్ కాన్ఫిగరేషన్ కింద "సాటా ఆపరేషన్" అని ఉంటుంది. మీది "రెయిడ్ ఆన్"లో ఉండి ఉంటుంది, డెల్ ఆఫీసు మెషిన్లు చాలావరకు అలాగే వస్తాయి. అది ఆన్‌లో ఉంటే ఎన్‌వీఎంఈ డిస్క్ ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ వెనక దాక్కుంటుంది, సెటప్ దగ్గర ఆ డ్రైవర్ లేకపోతే చూడలేదు. దాన్ని ఏహెచ్‌సీఐకి (ఆ డ్రైవర్ లేకుండానే డిస్క్ కనిపించే పద్ధతి) మార్చి సేవ్ చేయండి. పాత విండోస్ ఇక బూట్ కాదు, ఎలాగూ తుడిచేస్తున్నాం కాబట్టి ఫర్వాలేదు. ఉంచుకోవలసిన ఫైళ్లేమైనా ఉంటే మార్చకముందే తీసుకోండి.

11వ జనరేషన్, ఆ తర్వాతి ల్యాప్‌టాప్‌లలో ఇదే సమస్య వీఎండీ పేరుతో వస్తుంది. అక్కడ ఏహెచ్‌సీఐ ఆప్షన్ లేకపోతే కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, సెటప్‌లో "లోడ్ డ్రైవర్" నొక్కి చూపించాలి.

అదే బయోస్‌లో బూట్ పద్ధతి యూఈఎఫ్ఐలో ఉందో లేదో, సెక్యూర్ బూట్, టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా ఏర్పాట్లు) ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. తర్వాత సెటప్‌లో పాత పార్టిషన్లన్నీ ఒక్కొక్కటి డిలీట్ చేసి, మొత్తం ఒకే ఖాళీ స్థలంగా కనిపించాక దాన్ని ఎంచుకుని నెక్స్ట్ నొక్కండి. షాపువాళ్లు పెట్టిన క్రాక్ ముక్క ఏ పార్టిషన్‌లోనూ మిగలకూడదు. డిలీట్ చేసేముందు మీ పెన్‌డ్రైవ్ ఏది, డిస్క్ ఏది అని సైజు చూసి పోల్చుకోండి.

డీటీపీ_గవర్నర్‌పేట
మంచి చర్చ నడుస్తోంది, నా బాధా చెబుతాను. నాది పెళ్లికార్డులు, కరపత్రాల పని. పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్), అను ఫాంట్లు (తెలుగు అక్షరాలవి). మెషిన్ మూడో జనరేషన్ ఐ5 డెస్క్‌టాప్, విండోస్ 7 స్టిక్కర్ ఉంది, ఎప్పుడో విండోస్ 10కి అప్‌గ్రేడ్ చేయించాను. ఈ మధ్య హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించి విండోస్ 10 కొత్తగా వేస్తే యాక్టివేట్ కావడం లేదు. నెట్ ఉంది కానీ సైట్లు కూడా "సురక్షితం కాదు" అంటున్నాయి. స్టిక్కర్ మీది కీ కొడితే తీసుకోవడం లేదు. పదకొండుకి పోదామంటే ఈ మెషిన్‌కి రాదంటున్నారు.

పెంగ్విన్_గుంటూరు
అన్నా, మీ మెషిన్‌కి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికగా నడిచే మింట్) వేయండి. యాక్టివేషన్ అన్న మాటే ఉండదు, 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. తెలుగు టైపింగ్‌కి ఐబస్‌లో (అందులోని టైపింగ్ సాధనం) ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది. నాలుగు జీబీ ర్యామ్‌తో మా స్కూల్ ల్యాబ్ మొత్తం దాని మీదే నడుస్తోంది. పిల్లలకు ఏ ఇబ్బందీ లేదు.

డీటీపీ_గవర్నర్‌పేట
తమ్ముడూ, నీ మాట మీద గౌరవంతోనే అంటున్నా. నా దగ్గర ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌వి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని మెషిన్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు. ఆ అక్షరాన్ని ఇంకో చోట తెరిస్తే ఇంగ్లీషు గుర్తుల చెత్త కనిపిస్తుంది. ప్రెస్సువాళ్లు కూడా ఆ ఫాంట్లకే అలవాటు పడి ఉన్నారు. పెళ్లివారు ముహూర్తం మార్చుకుని పాత కార్డు తెరిచి తేదీ మార్చమంటే నేను లినక్స్‌లో ఏం చేయాలి? నాకు విండోసే కావాలి, అది న్యాయంగా నడవాలి.

పెంగ్విన్_గుంటూరు
ఆ పనికి మీరన్నదే కరెక్ట్. యూనికోడ్‌లోకి మారకుండా ఆ ఫైళ్లను లినక్స్‌కి తేవడం కుదరదు. నేను చదువుకునే పిల్లల్ని మనసులో పెట్టుకుని చెప్పాను.

చిప్‌వైద్యం
డీటీపీ గారూ, ముందు మెషిన్‌లో తేదీ చూడండి. ఏ 2012 జనవరి ఒకటో చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 సెల్ అయిపోయినట్టు. కరెంటు తీసిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు, యాక్టివేషన్ సర్వర్ కూడా మాట్లాడదు. సెల్ మార్చి, తేదీ సరిచేసి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్ నడపండి.

స్టిక్కర్ కీ సంగతి. విండోస్ 7, 8 కీలతో 10ని యాక్టివేట్ చేసే దారిని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో మూసేసింది. అయినా మీకు నష్టం లేదు. మీ మెషిన్ అంతకుముందే అప్‌గ్రేడ్ అయి యాక్టివేట్ అయ్యుంటే ఆ బోర్డు గుర్తు మైక్రోసాఫ్ట్ సర్వర్లలో డిజిటల్ లైసెన్స్‌గా ఉండిపోతుంది. డిస్క్ మార్చినా పోదు, మదర్‌బోర్డు మారిస్తేనే చిక్కు. సెటప్‌లో "నా దగ్గర కీ లేదు" అన్నది నొక్కి, అంతకుముందు ఏ ఎడిషన్ ఉండేదో అదే ఎంచుకోవాలి. హోమ్ ఉన్న చోట ప్రో వేస్తే యాక్టివేట్ కాదు.

పదకొండు గురించి: రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ చేసేటప్పుడు టీపీఎం తనిఖీ తీసేసే ఆప్షన్ ఉంది. మూడో జనరేషన్ మీద ఎక్కుతుంది కూడా, కోర్ 2 డుయో మీద అయితే 24హెచ్2 వెర్షన్ నుంచి అసలు బూటే కాదు. కానీ మైక్రోసాఫ్ట్ దానికి బాధ్యత తీసుకోదు, ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్‌ని మీరే పూనుకుని వేసుకోవాలి. సీజన్‌లో పని మీద ఉన్న మెషిన్‌కి నేనైతే ఆ ప్రయోగం చేయను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14న అయిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు ఈఎస్‌యూ పేరుతో 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఆ తర్వాత పేజ్‌మేకర్ మెషిన్‌కి నెట్ తీసేసి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌తో మార్చుకుంటూ, మెయిళ్లకు వేరే మెషిన్ పెట్టుకోవడం మంచిది.

కృష్ణలంక_కుర్రోడు
చిప్‌వైద్యం అన్నా, నా ల్యాప్‌టాప్ బోర్డులో కీ లేదు, పాత డిజిటల్ లైసెన్స్ కూడా లేనట్టుంది. సైట్లలో 400కి కీ అమ్ముతున్నారు, అది కొనొచ్చా?

చిప్‌వైద్యం
వద్దు. ఆ ధరకి వచ్చేవి చాలావరకు ఏదో సంస్థకి ఇచ్చిన వాల్యూమ్ కీలు, లేదా ఎక్కడో పాత మెషిన్ల నుంచి ఊడబీకినవి. ఈరోజు పనిచేస్తాయి, మైక్రోసాఫ్ట్ ఆ కీని బ్లాక్ చేసిన రోజు సీ004సీ003 అన్న ఎర్రర్ వస్తుంది. అమ్మినవాడు అప్పటికి దొరకడు. అసలు కీ కొనే స్తోమత ఉంటే రిటైల్ కొను, దాన్ని రేపు ఇంకో మెషిన్‌కి మార్చుకోవచ్చు. లేకపోతే యాక్టివేట్ చేయకుండానే వాడు. మూలన వాటర్‌మార్క్ ఉంటుంది, వాల్‌పేపర్, రంగులు మార్చనివ్వదు. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వస్తాయి, ప్రోగ్రామింగ్‌కీ బ్రౌజర్‌కీ అడ్డం రాదు. షరతుల ప్రకారం లైసెన్స్ తీసుకోవాల్సిందే, కాబట్టి దాన్ని శాశ్వతంగా అనుకోకు. నీ చదువుకి విండోస్ ప్రోగ్రాములే అక్కర్లేకపోతే పెంగ్విన్ గారి మాట విని మింట్ వేసుకో.

మాచవరం_డౌన్
అయిపోయింది! ఏహెచ్‌సీఐకి మార్చగానే డిస్క్ కనిపించింది. పార్టిషన్లన్నీ తీసేసి వేశాను. ఎడిషన్ అడగలేదు, ప్రో ఎక్కింది. వైఫై కలిపాక ఏ కంపెనీ పేరూ రాలేదు. డెస్క్‌టాప్ వచ్చేసరికే "డిజిటల్ లైసెన్స్‌తో విండోస్ యాక్టివేట్ అయింది" అని ఉంది. ఛానల్ ఎదురుగా ఇప్పుడు "ఓఈఎం" అని వస్తోంది, స్లాష్ ఎక్స్‌పీఆర్ కొడితే తేదీ లేదు, "పర్మనెంట్" అంది. తమ్ముడు పక్కనే కూర్చుని అంతా చూశాడు, వాళ్ల క్లాసులో ఇదే షాపులో కొన్నవాళ్లకి తనే చేసిపెడతానంటున్నాడు. అందరికీ ధన్యవాదాలు.

చిప్‌వైద్యం
సంతోషం. ఒక్క పని మిగిలింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో చూడండి. ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ అకౌంట్‌లో ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైల్‌లో పెట్టండి. రేపు బయోస్ అప్‌డేట్ చేసినా, బోర్డు రిపేర్‌కి ఇచ్చినా ఆ కీ అడుగుతుంది. అది లేకపోతే నేనే కాదు, ఎవరూ ఆ ఫైళ్లు తీయలేరు. షాపు బిల్లు మీద డెల్ సర్వీస్ ట్యాగ్ (మెషిన్ గుర్తింపు నంబరు) రాయించుకున్నారా? లేకపోతే వెళ్లి రాయించుకోండి.

డీటీపీ_గవర్నర్‌పేట
సెల్ మార్చాను, తేదీ నిలబడింది, సైట్లు తెరుచుకున్నాయి. నేను ప్రో వేసుకున్నానని తేలింది, పాతది హోమ్. హోమ్ వేయగానే యాక్టివేట్ అయింది. కానీ ఈఎస్‌యూ నమోదు లింకు అప్‌డేట్ పేజీలో కనిపించడం లేదండీ.

చిప్‌వైద్యం
వెర్షన్ 22హెచ్2 ఉందా చూడండి. పాత పెన్‌డ్రైవ్‌తో వేసి ఉంటే అంతకంటే వెనకటిది ఉంటుంది. ముందు 22హెచ్2కి వెళ్లి, మిగతా అప్‌డేట్లన్నీ పూర్తయ్యాక రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. అడ్మిన్ అకౌంట్‌తోనే లాగిన్ అవ్వాలి.